తాత వేయని నంబరు

జెనెల్ నా ముందు గిన్నె పెట్టలేదు.

మొగుడికి పెట్టింది. తను పెట్టుకుంది. ఆట కోసం స్కూలు జిమ్ముకి వెళ్ళిన కూతురి కోసం ఒకటి మూతవేసి పొయ్యి పక్కన ఉంచింది. నేను లేచి అల్మారా తెరిచి నా గిన్నె నేనే తీసుకున్నాను. చిక్కుడుగింజల చిల్లీ కూర వడ్డించుకున్నాను. పళ్ళెంలోంచి దాల్చినచెక్క బన్ను ఒకటి తీసుకుని వచ్చి కూర్చున్నాను. 

సోమవారం నేను నంబర్లు వేసిన ఆటగత్తెల జాబితా కాలేజీలకు వెళ్ళింది. ఇవాళ శనివారం. ఈ మధ్యలో నా కూతురు జెనెల్ నాతో మాట్లాడింది ఒక్కసారే. నా బీపీ మాత్రలు అయిపోయాయని చెప్పింది.

బయట మంచు తెరిపిచ్చింది. క్రెయిగ్ తలుపు దగ్గర విప్పిన బూట్ల కింద నీళ్ళు మడుగు కట్టాయి. నా అల్లుడు ధాన్యం గిడ్డంగిలో పనిచేస్తాడు. మంచివాడు. ఇంట్లో ఎవరూ మాట్లాడకపోతే వాడికి అన్నం దిగదు.

"మామయ్యా, ఈ చిల్లీకి ఎన్నో నంబరు వేస్తారు?" అన్నాడు.

"ఉప్పు తక్కువ. మొదటి యాభైలో రాదు."

"రాదని ఆయన రాయడులే," అంది జెనెల్ గిన్నెలోకి చూస్తూ. "ఊరికే వదిలేస్తాడు."

క్రెయిగ్ చెంచా కింద పెట్టాడు. నేను పెట్టలేదు.

"నీ కూతురి పేరు నేను తీసేయలేదు. వేయలేదు, అంతే. రెండూ ఒకటి కాదు."

"ఆ తేడా ఏదో గ్రాంట్ స్టేట్ వాళ్ళకి చెప్పు. గురువారం బ్రిట్టా ప్రాక్టీసు చూడ్డానికి వస్తానన్న మనిషి ఈ వారం కుదరదని మెసేజ్ పెట్టింది. మిగతా రెండు కాలేజీలు అది కూడా పెట్టలేదు."

"కుదరకపోయుండొచ్చు."

"ముగ్గురికీ ఒకే వారం కుదరలేదా నాన్నా?"

 బన్ను తుంచి చిల్లీలో ముంచుకున్నాను.

"సొంతవాళ్ళని జాబితాలో వేయను. అది నా పద్ధతి," అన్నాను.

"ఎప్పట్నుంచి?" క్రెయిగ్ అడిగాడు. వెటకారం కాదు. వాడికి నిజంగానే తెలియదు.

"మొదట్నుంచీ."

"మొదట్నుంచీ అంటే, ఇదివరకు వేయడానికి మనింట్లో ఎవరున్నారని?"

"నేనున్నాను," అంది జెనెల్.

"నిన్ను వేయకపోవడానికి పద్ధతులేం అక్కర్లేదు," అన్నాను.

క్రెయిగ్ నా వంక చూసి, పెళ్ళాం వంక చూసి, కిటికీలోంచి తన ట్రక్కు వంక చూశాడు. జెనెల్ మాత్రం తొణకలేదు. బన్ను మీద వెన్న అంచులదాకా నెమ్మదిగా రాసింది.

"నా ఆట అంతంతేనని నాకు పదిహేనో ఏటే తెలుసు. నేను అడుగుతోంది నా గురించి కాదు."

"అడగాలనుకుంటే సోమవారమే అడగొచ్చు. టైపు చేసింది నువ్వేగా."

నా భార్య వెర్నా ఉన్నన్నాళ్ళూ నా జాబితా ఆమే టైపు చేసేది. నేను కళ్ళు మూసుకుని పేర్లు చెబుతూ పోతే ఆమె మిషను మీద కొట్టేది. ఆమె పోయాక ఆ పని కూతురిమీద పడింది. మిషను పోయి కంప్యూటరు వచ్చింది. చెప్పేవాణ్ణి నేనే.

"అవును. నేనే చేశాను," అంది జెనెల్. "మొదటి పాతికలో రాలేదు. సరేలే అనుకున్నా. యాభై దాటింది. తర్వాతి పేరు అదే అవుతుందేమో, ఆ తర్వాతిది అవుతుందేమో అని కొడుతూ పోయాను. నూట ఇరవయ్యో పేరు చెప్పి నువ్వు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నావు. అప్పుడు తెలిసింది, ఇంక లేదని."

"అప్పుడైనా అడగాల్సింది."

"నువ్వే చెబుతావేమోనని చూశా."

క్రెయిగ్ లేచి తన గిన్నె కడిగాడు. శుభ్రంగా ఉన్న దాన్నే మళ్ళీ కడిగాడు.

నా పని ఎలాంటిదో వాళ్ళిద్దరికీ తెలుసు. అయోవా రాష్ట్రంలోనూ చుట్టుపక్కలా హైస్కూలు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ చూస్తాను. ఏ పిల్ల ఎంతలో ఉందో నంబరు వేసి, పక్కన ఒక్క వాక్యం రాసి, చదువు ఖర్చు భరించి పిల్లల్ని జట్టులోకి తీసుకునే కాలేజీ కోచ్‌లకు పంపుతాను. ఎవరి గురించీ చెడు రాయను. అది వెర్నా పెట్టిన షరతు. పెరిగే పిల్ల మీద మాట రాసి అచ్చువేయకు, కావాలంటే రాయకుండా ఊరుకో అంది. అలాగే ఊరుకుంటూ వచ్చాను. ఒక పిల్ల షాటు గురించి, పరుగు గురించి రాసి, కాపు గురించి రాయలేదంటే ఆ పిల్లకి ఎదుటివాళ్ళని అడ్డుకుని కాయడం రాదని అర్థం. చదువు ఊసెత్తలేదంటే మార్కులు లేవని అర్థం. అసలు పేరే లేదంటే, దానివెనక డబ్బు పెట్టుకుని తిరగొద్దని అర్థం.

కోచ్‌లు దీనికి బాగా అలవాటు పడ్డారు. నేను రాసింది ఒకసారి చదువుతారు. రాయనిది వెతుక్కుని వెతుక్కుని చదువుతారు.

బ్రిట్టా నా మనవరాలని తెలియని కోచ్ ఈ చుట్టుపక్కల లేడు.

ఫోను మోగింది. తెర మీద మార్సీ ప్రూయిట్ పేరు కనిపించింది. గురువారం రానిది ఈవిడే. గ్రాంట్ స్టేట్‌లో చిన్న కోచ్. నేను అందుకునేలోపే జెనెల్ చెయ్యి చాపి స్పీకరు నొక్కింది.

"హార్లన్ గారూ, భోజనం వేళ చేశానా?"

"చేశావుగా. చెప్పు."

"మోకాలా?"

"కాదు."

"డాక్టరుకేమైనా చూపించారా?"

"కాదన్నానుగా."

"చదువా?"

"లెక్కల్లో నీకన్నా నయం."

మార్సీ నవ్వలేదు. "మరి బుద్ధి మంచిది కాదా? నాతో చెప్పండి. నా దగ్గరే ఉంటుంది."

"మా ఇంటి పిల్ల. అందుకని వేయలేదు. ఇంతకుమించి ఏం లేదు."

అవతల మార్సీ కారు వేగం తగ్గిన చప్పుడు వినిపించింది.

"ఏమీ అనుకోకండి. నేనూ అదే అనుకున్నా. మా పెద్ద కోచ్‌కి అదే చెప్పా. ఆవిడ నవ్వింది. మనవరాలు బాగా ఆడుతుంటే చెప్పుకోని తాత ఎక్కడైనా ఉంటాడా అంది. వేయలేదంటే వేయలేకపోయాడు, పాపం పెద్దాయన, అంది."

పాపం అన్న మాట నాకు నచ్చలేదు. 

"వేసవిలో నేను ఆ పిల్లని ఒక్కసారే చూశా. నాకు నచ్చింది. కానీ నా నచ్చడంతో అక్కడ పనవదు," అంది మార్సీ. "మాకున్నది ఒక్క చోటు. డబ్యూక్ ఊరి అమ్మాయి ఒకత్తి మేం అడగడమే ఆలస్యం అన్నట్టు కూర్చుంది. సోమవారం పొద్దున నేను ఏదో ఒకటి చెప్పాలి. మీరు అందరికీ రాసినట్టే దీనికీ రాయండి. ఒక నంబరు, ఒక వాక్యం. పాతికలోపుంటే నేనొచ్చి చూస్తా."

"దాటితే?"

"దాటితే మీరు పంపొద్దు. నేను అడగను."

ఫోను పెట్టేసింది. వంటింట్లో ఫ్రిజ్జు గురగురలాడుతోంది.

"పద్దెనిమిది," అంది జెనెల్.

"ఇరవై రెండైతే నమ్మేట్టుంటుంది," అన్నాడు క్రెయిగ్. "పద్దెనిమిదంటే ఇంట్లోవాళ్ళు పోరుపెట్టారనుకుంటారు."

"ఇది పందుల వేలం కాదు," అన్నాను. "మిగతా పిల్లల్ని చూసినట్టే చూసి వేస్తాను. ఇవాళ ఆట ఉందిగా."

"పుట్టినప్పట్నుంచీ చూస్తున్నావు నాన్నా."

"తాతగా చూశాను."

"ఇవాళ ఎవరిగా చూస్తావు?"

కోటు తొడుక్కుని బయటికి వచ్చేశాను.

స్కూలు జిమ్ము హాల్లో పేలాల వాసన కొడుతోంది. లాన్స్‌డేల్ జట్టు బస్సు అప్పుడే వచ్చింది. మామూలుగా మా ఊరి ఆటకి నేను జెనెల్ పక్కన, ప్రేక్షకుల గ్యాలరీలో నాలుగో మెట్టు మీద కూర్చుంటాను. ఇవాళ అక్కడికి వెళ్ళలేదు. రింగు వెనక మూలన గోడవారగా రెండు మడత కుర్చీలుంటాయి. బయటినుంచి ఆట పరీక్షించడానికి వచ్చేవాళ్ళకోసం వేసి ఉంచుతారు. వేరే ఊళ్ళలో నేను కూర్చునేది అలాంటి చోటే. వెళ్ళి అందులో కూర్చున్నాను.

రెండో కుర్చీలో లాన్స్‌డేల్ పొడుగు పిల్ల తండ్రి, రస్మస్ ష్రోడర్ ఉన్నాడు. అక్కడ కూర్చునే హక్కు వాడికి లేదు. వాడిని లేపేవాళ్ళూ లేరు.

"ఏం హార్లన్, సొంత సరుకు తూకం వేసుకోడానికొచ్చావా?"

"నీ కూతురి తప్పులు లెక్కపెట్టడానికొచ్చాను. పోయినసారి వేళ్ళు చాల్లేదు."

"ఎన్నో నంబరు వేశావో చూశాలే. తొంభై ఆరు. మా ఆవిడ రెండు రోజులు అన్నం వండలేదు."

"తొంభై ఏడు వేయాల్సింది. మీ ఆవిడ మొహం చూసి తగ్గించా."

వాడు పెద్దగా నవ్వి పేలాల పొట్లం నాకు చాపాడు. తీసుకోలేదు. పనిలో ఉన్నప్పుడు ఏమీ తినను.

బ్రిట్టా వామప్ చేస్తూ నన్ను చూసింది. నాలుగో మెట్టు వైపు చూసింది. అక్కడ అమ్మా నాన్నా మాత్రమే ఉన్నారు. మళ్ళీ నా వైపు చూసింది. చెయ్యి ఊపలేదు. జడ ముడి బిగించుకుని వరసలోకి వెళ్ళిపోయింది. అర్థమైందన్నమాట.

మూడు క్వార్టర్లు ఆ పిల్ల ఆడిన ఆట మీద నాకు ఫిర్యాదు లేదు. బంతి చేతికి వచ్చేలోపే అది ఎవరికి వెళ్ళాలో తెలుసు. కాళ్ళు తేలిక. కాపు కాసేటప్పుడు నోరు మూయదు. వెనక నుంచి ఎవరొస్తున్నారో తోటి పిల్లలకి చెబుతూనే ఉంటుంది. అలసిపోయిన పిల్లలు ముందు మాట ఆపేస్తారు, ఆ తర్వాత పరుగు ఆపుతారు. ఇది రెండూ ఆపలేదు. చేతులు వెర్నావి. మోచేయి దగ్గర్నుంచి పొడుగు. మరొకరి పిల్లయితే ఇరవై మూడో, ఇరవై నాలుగో అనుకుంటున్నాను.

చివరి క్వార్టరులో ఆట సమానమైంది. రెండు నిమిషాలు ఉన్నాయనగా బంతి తిరిగి తిరిగి బ్రిట్టా చేతికొచ్చింది. ఎదురుగా ఎవరూ లేరు. వేయాల్సిన దూరం. వేయాల్సిన వేళ. మోకాళ్ళు వంచింది. కళ్ళు ఒక్క క్షణం నా మూలకి వచ్చి వెళ్ళాయి. బంతి పక్కనున్న పిల్లకి ఇచ్చేసింది. ఆ పిల్ల సిద్ధంగా లేదు. బంతి పోయింది.

ఆఖరి బంతికీ అంతే. వేయలేదు. అందించింది. గంట మోగింది. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

ఈ జిమ్ములోనే వెర్నా ఆడింది. ఆ రోజుల్లో ఆడపిల్లల ఆటకి జట్టుకి ఆరుగురు. ముగ్గురు కాయాలి, ముగ్గురు వేయాలి. మధ్య గీత దాటకూడదు. వెర్నా కాసే పిల్ల. నాలుగేళ్ళు ఆడి, జిల్లా గెలిచి, ఒక్క షాటు వేయకుండా చదువు ముగించింది. వేయడానికి వీల్లేదు. ఇప్పుడు ఆ గీత చెరిపేశారు. బ్రిట్టాని ఆపింది ఎవరూ లేరు. తనే ఆగింది.

ష్రోడర్ లేస్తూ నా భుజం తట్టాడు. ఈసారి ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇంటికొచ్చేసరికి జెనెల్ వంటింటి బల్లమీద కంప్యూటరు తెరిచి పెట్టింది. కోటు కూడా విప్పలేదు. క్రెయిగ్ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. బ్రిట్టా ఇంకా రాలేదు.

"చెప్పు," అంది.

"బ్రిట్టా టోలెఫ్సన్."

కొట్టింది.

"ముప్పై ఎనిమిది."

మీటల చప్పుడు ఆగిపోయింది.

క్రెయిగ్ ముక్కుతో గాలి వదిలాడు. జెనెల్ తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"వాక్యం?" అంది.

"బంతి ఎక్కడికి వెళ్ళాలో అందరికన్నా ముందు చూస్తుంది. కాపులో నోరూ కాళ్ళూ ఆపదు."

"తర్వాత?"

"అంతే."

"ఆఖరి బంతి గురించి?"

"రాయను."

"రాయకపోతే రాసినట్టే. అది నీకు తెలుసు, నాకు తెలుసు, మార్సీకి తెలుసు." చేతులు మీటల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అమ్మ ఉంటే దీన్ని టైపు కొట్టేదా?"

"కొట్టేది. మీ అమ్మ నా నంబరు ఒక్కటి కూడా మార్చలేదు."

"మార్చలేదని నీకెలా తెలుసు? నువ్వు కళ్ళు మూసుకుని చెప్పేవాడివిగా."

అది నన్ను బాధ పెట్టడానికి అన్న మాట. దాని పని అది చేసింది. వెర్నాని ఇప్పుడు అడగలేను. జెనెల్ ఆ సంగతి తెలిసే అంది.

క్రెయిగ్ మధ్యలోకి వచ్చాడు. "మామయ్యా, ఒక్క మాట. మీరు మార్చొద్దు. ముప్పై ఎనిమిదే ఉంచండి. పంపడం మాత్రం మానేద్దాం. దాటితే పంపొద్దని ఆవిడే అందిగా."

"పంపకపోతే మళ్ళీ మోకాలా అంటారు."

"అదీ నిజమే," అని వాడు తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అప్పుడు బ్రిట్టా వచ్చింది. తడి జుట్టు, భుజాన సంచి. మా ముగ్గురినీ చూసి సంచి కింద పెట్టింది. తలుపు మూసి, బూట్లు విప్పి, వాటిని వరసగా పెట్టింది. అంత నెమ్మదిగా ఆ పిల్ల ఎప్పుడూ విప్పదు.

"ఎంత?" అంది.

జెనెల్ నా వైపు చూసింది.

"తాతయ్యా, ఎంత?"

"ముప్పై ఎనిమిది."

తల ఊపింది. బన్ను ఒకటి తీసుకుని సగం తింది. నిలబడే తింది.

"ఎక్కడ పోయింది?"

"చివర్లో. రెండుసార్లు బంతి వదిలించుకున్నావు."

"పాస్ ఇచ్చాను."

"మొదటి మూడు క్వార్టర్లూ ఇచ్చినవి పాసులు. ఆ రెండూ కావు."

బ్రిట్టా నములుతూ ఆలోచించింది. "అవును. కావు," అంది.

వాదిస్తుందనుకున్నాను. వాదించే పిల్లలతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు.

"నువ్వు ఆ మూల కూర్చున్నావు," అంది.

"అయితే?"

"నువ్వుంటే నేను ఆఖరి బంతి వేయను. ఇవాళొక్కటే కాదు. నాలుగో మెట్టు మీదున్నా అంతే. వేసి పోయిందనుకో, నీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏమీ అనవు. ఇంటికొచ్చేదాకా ఏమీ అనవు. ఆట మొత్తం గురించి మాట్లాడి అదొక్కటి వదిలేస్తావు." గొంతు పెంచలేదు. మందుల షాపులో ధర అడిగినట్టు మాట్లాడుతోంది. "శుక్రవారాలు బయట ఊళ్ళో ఆడినప్పుడు వేస్తాను. నార్‌వుడ్‌లో ఆఖరి బంతి నేనే వేశా. హేస్‌విల్‌లోనూ నేనే."

శుక్రవారాలు నేను వేరే జిమ్ముల్లో వేరేవాళ్ళ పిల్లల్ని చూస్తుంటాను.

"పడ్డాయా?"

"ఒకటి పడింది. ఒకటి పోయింది."

"నేను చూడలేదు."

"నేను చెప్పేదీ అదే."

ఈ రకం మాట నేను చాలా జిమ్ముల్లో విన్నాను. నాన్న అరిచాడని, కోచ్ తిట్టాడని, ఎవడో పిల్లాడు మెట్ల మీద ఉన్నాడని. ఎవరికీ ఒక్క అంకె తగ్గించలేదు. ఈ పిల్లకీ తగ్గించను.

"గ్రాంట్ స్టేట్‌లో పదివేలమంది చూస్తారు," అన్నాను. "అప్పుడేం చేస్తావు?"

"వాళ్ళెవరూ నువ్వు కాదు."

జెనెల్ కుర్చీ తిప్పి నా వైపు కూర్చుంది. "నార్‌వుడ్‌లో నేను చూశాను. ఇద్దరు మీద పడుతుంటే వేసింది."

"నువ్వు తల్లివి. నీ చూపు లెక్కలోకి రాదు."

"నువ్వు తాతవి. మరి నీ ముప్పై ఎనిమిది ఎవరి చూపు?"

సింకులో కుళాయి కారుతోంది. క్రెయిగ్ వెళ్ళి బిగించాడు.

ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. జవాబు లేక కాదు. నేను చూసింది చూశాను. రెండుసార్లు బంతి చేతికొచ్చింది, రెండుసార్లు వేయలేదు. ఎందుకు వేయలేదన్నది నంబరులోకి రాదు. ఏ పిల్ల విషయంలోనూ రానివ్వలేదు. నేను లేని చోట ఆడే పిల్ల ఒకత్తి ఉందంటే ఉండొచ్చు. దాన్ని నేను చూసే దారి లేదు. చూడనిదానికి నంబరు వేయను.

"నేను వేసింది మారదు," అన్నాను. "పంపించు."

జెనెల్ కంప్యూటరు మూత మూసింది. చప్పుడు కాకుండా మూసింది.

"ఈ ఒక్కటి నేను పంపను నాన్నా. కావాలంటే నీ చేత్తో నువ్వే కొట్టుకో. నూట ఇరవై పేర్లు కొట్టాను. నోరెత్తలేదు. ఇది నా వల్ల కాదు."

నాకు టైపు రాదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. చొక్కా జేబులోంచి ఫోను తీశాను. మార్సీ పేరు వెతికి నొక్కాను. నోటితోనే చెబుతాను.

రెండోసారి మోగుతుండగా బ్రిట్టా చెయ్యి చాపింది.

"నాకివ్వు."

"ఇది నా మాట. నేనే చెప్పాలి."

"నా గురించిన మాట. ఇలా ఇవ్వు తాతయ్యా."

ఇవ్వలేదు. అవతల మార్సీ ఎత్తింది. బ్రిట్టా ఫోను నా చేతిలో ఉండగానే దాని మీదకి వంగి మాట్లాడింది.

"కోచ్, నేను బ్రిట్టాని. తాతయ్య ఇవాళ నా ఆట చూసి ముప్పై ఎనిమిది వేశారు. మీకు పాతికలోపు కావాలని నాకు తెలుసు. అమ్మ చెప్పింది."

జెనెల్ కళ్ళు మూసుకుంది. క్రెయిగ్ పెళ్ళాం భుజం మీద చెయ్యి వేశాడు. పంపకుండా దాచిన నంబరు వాళ్ళ కూతురే తీసుకెళ్ళి అప్పగించింది. ఆ చోటు పోయినట్టేనని ఆ వంటింట్లో అందరం అనుకున్నాం.

"ముప్పై ఎనిమిదా?" అంది మార్సీ. "వేశారా? నిజంగా నంబరు వేశారా?"

"వేశారు. చివర్లో రెండుసార్లు బంతి వదిలించుకున్నానని. నిజమే, వదిలించుకున్నా."

"అంటే మోకాలు బాగానే ఉందన్నమాట." ఆవిడ గొంతు తేలికపడింది. ఆపైన మాట జాగ్రత్తగా వచ్చింది. "చూడు బ్రిట్టా, పాతిక దాటింది. మా పెద్దావిడ కాగితం చూస్తే అక్కడే ఆపేస్తుంది."

"మంగళవారం మా ఊళ్ళో ఆట ఉంది. మీరొచ్చి చూసి మీ నంబరు మీరు వేయండి. డబ్యూక్ అమ్మాయికన్నా తక్కువైతే నాకే ఫోను చేసి చెప్పండి. నేను వింటాను."

 నేను ఫోను పట్టుకునే ఉన్నాను.

"హార్లన్ గారున్నారా అక్కడ?"

"ఉన్నాను."

"సొంత మనవరాలికి ముప్పై ఎనిమిది వేశారా?"

"చూసింది వేశాను."

"మనవరాలికైనా మొహమాటపడలేదని మా పెద్దావిడకి చెబుతా. నవ్వదనుకుంటా ఈసారి. సోమవారం దాటి ఆగనన్న మనిషిని మంగళవారం దాకా ఆపాలి. ఆపగలిగితే ఇద్దరం వస్తాం. మాట ఇవ్వలేను." ఆగి మళ్ళీ అంది. "ఆఖరి బంతి వేస్తావా బ్రిట్టా? వేస్తానంటేనే నేను ఆవిడతో గొడవ పడతా."

బ్రిట్టా నా మొహం చూసింది. ఆటలో నా మూలకి వచ్చి వెళ్ళిన చూపు కాదు. ఈసారి వచ్చి అక్కడే ఆగింది.

"వేస్తాను," అంది.

ఫోను పెట్టేశాను. క్రెయిగ్ ఏదో హాస్యం ఆడబోయి మానుకున్నాడు. బ్రిట్టా మిగిలిన సగం బన్ను బల్లమీద పెట్టింది.

"తాతయ్యా, మంగళవారం నువ్వు రావద్దు."

"బ్రిట్టా," అంది జెనెల్.

"మూలనా వద్దు. మెట్ల మీదా వద్దు. తలుపు దగ్గర నిలబడి కూడా వద్దు. నువ్వు జిమ్ములో ఉంటే నాకు తెలిసిపోతుంది."

నన్ను చాలామంది తిట్టారు. ఒక తండ్రి పార్కింగులో నా కారు అద్దం పగలగొట్టాడు. ఆటకి రావద్దని మాత్రం ఇంతవరకూ ఎవరూ అనలేదు. అనే అధికారం ఎవరికీ లేదు. టిక్కెట్టు కొంటాను, కూర్చుంటాను, చూస్తాను. గ్రాంట్ స్టేట్ పెద్ద కోచ్ నా ఊరి జిమ్ముకి వచ్చి, నా మనవరాలికి తన కళ్ళతో నంబరు వేసే రోజున నేను ఇంట్లో కూర్చోవాలంటోంది ఈ పిల్ల.

"అవునో కాదో చెప్పు," అంది బ్రిట్టా.   "చెప్పకుండా వదిలేయకు."

ముగ్గురూ నా వైపే చూస్తున్నారు.

"ఆట ఎన్నింటికి?" అన్నాను.

అది నాకు తెలుసని వాళ్ళకి తెలుసు. అవునూ కాదూ రెండూ మళ్ళీ వదిలేశాను.